హరితవనం కాలనీలో అరవై రెండు కన్నాలు

హరితవనం కాలనీలో హరితం కమానుకు వేసిన రంగులో ఉంది, వనం రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉంది. ఎల్బీనగర్ చౌరస్తా దాటి సాగర్ రోడ్డులో కొంత దూరం పోయి ఎడమకు తిరిగితే వచ్చే ఆ కాలనీలో అరవై రెండు ఇళ్ళు. తుర్కయంజాల్ దాకా అలాంటి కాలనీలు వరసగా లేచాయి గానీ ప్రహరీల విషయంలో దీని ముందు ఏదీ నిలవదు. ఇక్కడి జనం ఇల్లు కట్టకముందే గోడ కట్టారు. గోడ కట్టేసరికే ఓపిక అయిపోయి, పదేళ్ళపాటు ఆదివారం ఆదివారం వచ్చి గోడను చూసుకుని పోయినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ కాలనీ సంక్షేమ సంఘానికి పదకొండేళ్ళుగా పట్టాభిగారే అధ్యక్షుడు. భీమవరం దగ్గర పుట్టి, నీటిపారుదల శాఖలో కాలవలు కొలిచి, డిప్యూటీ ఇంజనీరుగా రిటైరై ఇక్కడ స్థిరపడ్డాడు. ఏటా ఏకగ్రీవంగానే ఎన్నికయ్యేవాడు. పోటీ చేద్దామనుకున్నవాళ్ళు లేకపోలేదు. ఆయన మాట్లాడటం మొదలుపెడితే నామినేషన్ల గడువు దాటిపోయేది.

ఈ ఏడు మాత్రం అలా జరిగేటట్టు లేదు. టైల్స్ షాపు పెట్టి నాలుగు డబ్బులు చూసిన శ్రీనివాస్ అనే కుర్రాడు, ఎన్నికలకు మూడు నెలల ముందే, "నన్ను గెలిపిస్తే పార్కు మొత్తం టైల్స్ ఏయిస్త, చెప్పులకు మట్టంటదు" అని ఇంటింటికీ తిరిగి చెబుతున్నాడు. కాలనీ జనానికి ఆ మాట చాలా నచ్చింది. మట్టి అనేది పల్లెలో ఉండవలసిన వస్తువని, దాన్ని వదిలించుకోవడానికే తాము పట్నం వచ్చామని వాళ్ళ గట్టి నమ్మకం.

పట్టాభికి ఇంకో బాధ కూడా ఉంది. ఆయనది ముప్పై ఏడో నంబరు ప్లాటు. పక్కన ముప్పై ఎనిమిది అంతయ్యది. అంతయ్య నకిరేకల్ వైపు పల్లె నుంచి కూలిపనికి వచ్చి, పైసా పైసా కూడబెట్టి డీసీఎం బండి కొని, బాటసింగారం పండ్ల మార్కెట్టు నుంచి సరుకు తోలుతూ ఒక అంతస్తు ఇల్లు వేసుకున్నాడు. ఇద్దరి మధ్య గోడ ఉంది. ఆ గోడ మీద తొమ్మిదేళ్ళుగా కోర్టులో కేసు ఉంది. గోడ సరిగ్గా హద్దు మీదే ఉందని పట్టాభి, కాదు తన జాగాలోకి అడుగు జరిగిందని అంతయ్య. హద్దురాయి ఏదని జడ్జి అడిగితే, అంతయ్యే పీకి పారేశాడని పట్టాభి అఫిడవిట్ వేశాడు. గోడ కట్టించింది పట్టాభే. దానికి రెండువైపులా గ్రానైట్ పలకలు అతికించాడు, అంతయ్య వైపు కూడా. తన గోడ ఎటునుంచి చూసినా తనదిలాగే కనిపించాలని.

తొలకరి పడిన వారంలో ఒకరోజు తెల్లవారుజామున పట్టాభి పార్కులో నడుస్తూ, వేపచెట్టు మొదట్లో రాలిన ఆకుల మధ్య ఏదో చూశాడు. ఉమ్మెత్తకాయలా ఉంది. కానీ కొబ్బరికాయంత ఉమ్మెత్తకాయ ఆయన ఎరగడు. చేతికర్రతో ఒకసారి దొర్లించాడు. అది ఊపిరి తీసింది. పట్టాభి రెండడుగులు వెనక్కి వేసి, వేసినట్టు ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు.

సౌజన్య చూసింది. ఆమె ఆయన ఇంటి పైవాటాలోనే కిరాయికి ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో జువాలజీ చెబుతుంది. ఎనిమిదింటికి క్లాసు కాబట్టి పొద్దున్నే నడుస్తుంది.

"సార్, జర కట్టె తియ్యుర్రి. భయపడ్డది" అంది.

"ఎవరు, నేనా?"

"మీరు గాదు సార్, గది."

ఇద్దరూ కాసేపు కదలకుండా నిలబడ్డారు. ముళ్ళ ఉండ మెల్లగా విచ్చుకుంది. ముందు తడి ముక్కు, తర్వాత రెండు నల్లపూసల్లాంటి కళ్ళు, తర్వాత ఇంత ముళ్ళ దుప్పటి కింద నమ్మశక్యం కానంత చిన్న కాళ్ళు. అది ముక్కు నేలకానించి వాసన చూసుకుంటూ పోయి, ఆకుల కింద నుంచి ఒక జెర్రిని లాగి కరకరా నమిలింది.

"ఏదుపందా?" అన్నాడు పట్టాభి.

"ఏదుపంది వేరే సార్. అది పెద్దగుంటది, దుంపలు తవ్వుకుని తింటది. ఇంగ్లీషుల హెడ్జ్‌హాగ్ అంటరు, మనోళ్ళు ముళ్ళపంది అంటరు. పేరుకే పంది. పురుగులు, నత్తలు, జెర్రులు దీని తిండి. తోటకు ఇంత మంచిది ఇంకోటి లేదు. కానీ మన దిక్కు చూసినట్టు లేదే..." ఆమె కాసేపు ఆలోచించి అంది. "అంతయ్యన్న మొన్న అనంతపురం లారీల వచ్చిన కర్బూజల గడ్డి తెచ్చి చెట్ల కింద పరిచిండు గద. దాంట్ల వచ్చి ఉంటది."

అంతయ్య పేరు వినగానే పట్టాభి బుర్ర చురుగ్గా పనిచేయడం మొదలుపెట్టింది. జంతువు అంతయ్య గడ్డిలో వస్తే వచ్చింది. దొరికింది సంఘం పార్కులో. కాబట్టి అది సంఘానిది. సంఘమంటే తానే. శ్రీనివాస్ దగ్గర టైల్స్ ఉన్నాయి, తన దగ్గర వన్యప్రాణి ఉంది.

సౌజన్య అటవీశాఖలో తెలిసినాయనకు ఫోన్ చేసింది. దెబ్బ తగలకపోతే దాని మానాన దాన్ని వదిలేయండి, పట్టుకోవద్దు, పెంచవద్దు అన్నాడాయన. దాని మానాన దాన్ని వదిలేయడం ఒక్కటి తప్ప హరితవనం సంఘం మిగతావన్నీ చేసింది.

మూడో రోజుకల్లా కమాను దగ్గర ఫ్లెక్సీ లేచింది. పట్టాభి నిలువెత్తు బొమ్మ, చేతులు జోడించి. ఆయన కాలి దగ్గర పిడికెడంత జంతువు. "మన కాలనీ, మన ముళ్ళపంది" అని పెద్ద అక్షరాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లెక్సీ కొట్టినవాడు ముళ్ళు కనబడితే చాలనుకుని ఏదుపంది బొమ్మ వేశాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. అయితే 'పంది' అన్న మాట చదివిన పక్క కాలనీవాళ్ళు ఫిర్యాదు చేయడంతో, పందుల్ని పట్టే బండి ఒకటి వలలతో సహా వచ్చి గేటు ముందు ఆగింది. దాన్ని వెనక్కి పంపడానికి పట్టాభికి పూట పట్టింది. ఆ పూట మాట్లాడినదాన్ని ఆయన తర్వాత "ప్రభుత్వంతో చర్చలు" అని మినిట్సులో రాయించాడు.

ఆదివారం నాడు భక్తి మొదలైంది. పొద్దుగూకేవేళకు వేపచెట్టు చుట్టూ పద్నాలుగు గిన్నెల్లో పాలు పెట్టారు. వేదవతిగారు పాలలో పంచదార కూడా కలిపింది. పాలు దానికి పడవు, కడుపు చెడి చచ్చిపోతుందని సౌజన్య ఎంత చెప్పినా వినకుండా, "దేవుడికి పెట్టినట్టు పెట్టామమ్మా, తాగకపోతే దాని ఇష్టం" అన్నారు. కాలనీ పిల్లులు ఆ వారమంతా చాలా సంతోషంగా గడిపాయి.

సౌజన్య చివరికి పట్టాభి దగ్గరికే వచ్చి కూర్చుంది. "సార్, దీనికి మనం పెట్టేది ఏం అక్కర్లేదు. మనం చేసేవి కొన్ని ఆపితే చాలు. ఆకులు కాలపెట్టొద్దు, మూలకు కుప్ప పోయాలె. ఎలుకల మందు, నత్తల మందు ఎయ్యొద్దు. ఇంకొకటి. రోజూ చీకటి పడంగనె ఇది చానా దూరం తిరుగుతది. మనమేమో అడుగడుక్కు గోడలు కట్టినం. రోడ్డు మీదికి పోతే బండి కింద పడ్తది. గోడ అడుగున అయిదంగుళాల బొక్క ఒకటి పెడితే తోట్లనుంచి తోట్లకు నడుస్తది."

"ఎన్ని గోడలకి?"

"ఎన్నిటికైతే అన్నిటికి."

పట్టాభి కళ్ళు మెరిశాయి. ఇంజనీరుగా ఆయన ముప్పై రెండేళ్ళు నీళ్ళకు దారి తీశాడు. ఇప్పుడు ముళ్ళపందికి తీయబోతున్నాడు. కొలతలున్న పని, తీర్మానం చేయదగిన పని.

సర్వసభ్య సమావేశానికి ఎప్పుడూ లేనంతమంది వచ్చారు. పట్టాభి నలభై నిమిషాలు ప్రకృతి గురించి మాట్లాడి, ప్రతి గోడకూ బెత్త కంటే ఎక్కువ, జాన కంటే తక్కువ కన్నం ఒకటి పెట్టాలని ప్రతిపాదించాడు. హరితవనంలో మనిషి చావునైనా తట్టుకుంటారు గానీ గోడ మీద చెయ్యి వేస్తే తట్టుకోరు.

"మన గోడకి మనమే కన్నం వేసుకోవాలా? దొంగలకి ఏం పని మిగిలిందండీ ఇంక?" అన్నాడు రామమోహనరావుగారు.

"అయిదంగుళాల్లో దూరే దొంగ ఎక్కడున్నాడండీ" అన్నాడు పట్టాభి.

"చెయ్యి పెట్టి తీసుకుపోతాడు."

"నేల మీద ఏముంటాయండీ తీసుకుపోవడానికి, చెప్పులు తప్ప."

"చెప్పులే."

నైరుతి మూల కన్నం పెడితే యజమానికి అరిష్టమని ఒకరన్నారు. ఈశాన్యంలో పెడితే మంచిదే గానీ తన ఈశాన్యం పక్కవాడికి నైరుతి అవుతుంది కదా, వాడు ఒప్పుకుంటాడా అని ఇంకొకరన్నారు. కన్నంలోంచి పక్కింటివాళ్ళ చెత్త వస్తే ఎవరు ఊడ్వాలి, జంతువు తన తోటలో నత్తను తిని పక్క తోటలో విసర్జిస్తే ఎరువు ఎవరికి చెందుతుంది అని చర్చ నడిచింది. చివరకు, కన్నం పెట్టిన ఇంటి గేటుకు "ముళ్ళపంది మిత్ర గృహం" అని ఇత్తడి పలక బిగిస్తామని పట్టాభి ప్రకటించాక తీర్మానం నెగ్గింది. ఇత్తడి పలక పక్కింటికి ఉండి తమకు లేకపోవడమన్నది ఎవరూ భరించలేని సంగతి.

నెలరోజుల్లో కాలనీ అంతా సుత్తుల మోత. కన్నాలు పడ్డాయి, అయితే ఎవరి కన్నం వాళ్ళది. రామమోహనరావుగారు కన్నానికి ఇనుప గ్రిల్లు బిగించి, గ్రిల్లుకు తాళం వేశాడు. ఒకాయన దోమలు రాకుండా జాలీ కొట్టించాడు. నేలమట్టంలో వాస్తు కుదరనివాడు నాలుగడుగుల ఎత్తున పెట్టించాడు, ముళ్ళపంది అవసరమైతే ఎక్కుతుందని. వేదవతిగారు తన కన్నానికి గడప పెట్టి, పసుపు రాసి, చిన్న మామిడి తోరణం కట్టింది. రెండిళ్ళవాళ్ళు ఒకే గోడకు చెరోవైపు నుంచి తవ్వుకుంటూ వచ్చి కలవలేకపోయారు. నాది సరైన చోటే ఉంది, నువ్వే అటు పోయావని ఇప్పటికీ అనుకుంటారు.

సౌజన్య ఒక ఆదివారం పుస్తకం పట్టుకుని అన్నీ తిరిగి చూసొచ్చింది. "అరవై ఒకటి పెట్టినరు సార్. దాంట్ల జంతువు దూరేటివి ఎనిమిది."

"ఎనిమిదేనా?"

"ఒక వరసల ఉన్నయి. పార్కు నుంచి అంతయ్యన్న దొడ్డి దాక. గది చాలు. ముళ్ళపందులు రెండున్నయి సార్, అంతయ్యన్న దగ్గర. జంట."

ఆ మాట పట్టాభికి వినబడలేదు. అరవై ఒకటి దగ్గరే ఆగిపోయాడు. అరవై రెండోది ఎవరిదో ఆయనకు తెలుసు.

దాన్ని శ్రీనివాస్ కూడా లెక్కపెట్టాడు. పలకలు పంచే సభలో లేచి, చాలా వినయంగా అడిగాడు. "అందరి గోడలకు బొక్కలు పడ్డయి. మా గోడకూ పెట్టినం. మరి ప్రెసిడెంట్ సార్ గోడకు ఎప్పుడు పడ్తది?"

"నా గోడ మీద కోర్టులో కేసు ఉంది. ఎదుటిపక్షం అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. చట్టమండీ" అన్నాడు పట్టాభి. ఈ జవాబు ఆయన వారం ముందే తయారుచేసి పెట్టుకున్నాడు.

వెనక వరసలో కూర్చున్న అంతయ్య మెల్లగా లేచాడు. మార్కెట్టు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కాకు గడ్డిపోచలున్నాయి. "నాకేం అడ్డం లేదు సార్. పెట్టుకోమనుర్రి. కావాల్నంటే కాగితం మీద సంతకం పెడ్త."

సభ చప్పట్లు కొట్టింది. తన జీవితంలో పట్టాభి అంత ఇబ్బందికరమైన చప్పట్లు వినలేదు.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. గ్రానైట్ పలక ఒకటి ఊడదీసి, గోడ అటూ ఇటూ చూసి, తల గోక్కున్నాడు. "సార్, ఆళ్ళ జాగ కిందికుంది. మీరు మట్టి పోసి ఎత్తు లేపినరు. ఆళ్ళ దిక్కు నేలమట్టంల బొక్క పెడితే మీ దిక్కు టైల్స్ కింద తేల్తది. ఇటు రెండు టైల్స్ తీసి, జారుడు లెక్క తవ్వాలె."

"తవ్వు" అన్నాడు పట్టాభి. పెరడంతా ఆయన పదేళ్ళ కిందటే టైల్స్ పరిపించాడు. వేసినప్పటినుంచి ఆ పెరట్లో ఒక గడ్డిపరక మొలవలేదని గర్వంగా చెప్పుకునేవాడు.

రెండు టైల్స్ లేచాయి. గడ్డపార మూడోసారి దిగినప్పుడు ఖంగుమంది. మేస్త్రీ చేత్తో మట్టి తోసి చూశాడు. నలుపలకల రాయి, నిలువుగా పాతి ఉంది. తలమీద ఉలితో చెక్కిన కూడిక గుర్తు. గుర్తుకు ఒకవైపు ముప్పై ఏడు, ఇంకోవైపు ముప్పై ఎనిమిది.

గోడకు సరిగ్గా అడుగు లోపల. పట్టాభి వైపున.

మేస్త్రీ రాయిని చూశాడు, గోడను చూశాడు, ఆయన మొహం చూడకుండా బీడీ వెతుక్కున్నాడు. ఇలాంటివి చాలా చూసినవాడు.

పట్టాభి అక్కడే టైల్స్ మీద కూలబడ్డాడు. ఇదెలా జరిగింది? గోడకు కొలత తీసింది తన చేతులే. కాలవ మీద పనిచేసిన రోజుల్లో ఆయన టేపు మొదటి అడుగు తెగిపోయింది. ఇరవై ఏళ్ళు ఆ టేపుతోనే, ప్రతి కొలతకూ ఒక అడుగు కలిపి చూసుకునేవాడు. ఈ గోడ కట్టేటప్పుడు కొత్త టేపు కొన్నాడు. కొత్త టేపుకు మొదటి అడుగు ఉంది. అలవాటైన చెయ్యి మాత్రం ఆ రోజు కూడా ఒక అడుగు కలిపింది. ఆ అడుగు కోసం తొమ్మిదేళ్ళు నల్లకోటు వెనక తిరిగాడు. రాయి పీకేశాడని ఒక మనిషిని కోర్టులో దొంగ అన్నాడు.

ఇంతలో భార్య విజయదుర్గ టీ గ్లాసులతో వచ్చింది. రాయి చూసింది, ఏమీ అనలేదు. గ్లాసు ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమె ఏమీ అనని సందర్భాలు రెండో మూడో. అవేవీ ఆయనకు అచ్చిరాలేదు.

సాయంత్రానికి కన్నం పూర్తయింది. మేస్త్రీ వెళ్ళిపోయాక పట్టాభి పెద్ద క్రోటన్ కుండీ ఒకటి ఈడ్చుకొచ్చి రాయి మీద పెట్టాడు. కుండీ రాయిని కప్పింది. కన్నాన్ని కూడా కప్పింది. గేటుకు అరవై రెండో పలక బిగించారు. ఎన్నికల కరపత్రంలో "వంద శాతం" అని వేశారు.

ఆ రోజు నుంచి ఆయనకు పొద్దుగూకేవేళ పెరట్లో కుర్చీ వేసుకోవడం అలవాటైంది. మొదటిరోజు చీకట్లు ముసురుతుండగా గోడకు అటువైపు గడ్డి కదిలింది. కన్నంలోంచి సన్నటి బుసబుస. కుండీ పక్క సందులో తడి ముక్కు కనబడింది. అది కుండీని వాసన చూసింది, ఎడమకు తోసింది, కుడికి తోసింది. కాసేపు ఆగి వెనక్కి పోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజు రెండూ వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి నిలబడి, ముందున్నది తిరిగి వెళ్ళలేక, వెనకున్నది దారివ్వక, చిన్న తొక్కిసలాట.

ముప్పై రెండేళ్ళ సర్వీసులో పట్టాభి ఎన్నో కాలవలు చూశాడు. చివరి పొలానికి నీళ్ళు అందకుండా తూముకు బండ అడ్డం పెట్టుకున్న ఆసాముల్ని ఆయనే పట్టుకుని జరిమానాలు వేశాడు. వాళ్ళు ఏమి చెప్పేవారో ఆయనకు గుర్తొచ్చింది. అందరూ "ఆ బండ ఎలా వచ్చిందో తెలియదండీ" అనేవారు.

"రేపు సౌజన్య చూడ్డానికి వస్తానంది" అంది వెనకనుంచి విజయదుర్గ. "కుండీ తీయమంటుంది కదా. ఏం చెబుతారు?"

"బరువుగా ఉందని చెబుతాను."

"ఎవరికండీ బరువు?"

పట్టాభి లేచి, పంచె ఎగ్గట్టి, కుండీని తన చేతులతోనే పక్కకు జరిపాడు. నడుము పట్టేసింది. అంతయ్య ఇంటి గేటు దాకా వెళ్ళి పిలవడానికి కాళ్ళు రాలేదు. తొమ్మిదేళ్ళుగా ఆ గేటు ముందు ఆయన మొహం అటు తిప్పుకుని నడిచాడు. అందుకని సంక్షేమ సంఘం అధ్యక్షుడు టైల్స్ మీద బోర్లా పడుకుని, తల కన్నం దగ్గర పెట్టి పిలిచాడు.

"అంతయ్యా."

అటువైపు బీరపాదుకు నీళ్ళు పోస్తున్న అరుణమ్మ ఉలిక్కిపడింది. ఆమె అంతయ్య భార్య. "ఇగో, జర ఇటు రా. గోడల నుంచి సారు పిలుస్తుండు."

అంతయ్య వచ్చి వంగి చూశాడు. కన్నంలో పట్టాభి మొహం సగం కనబడింది, కళ్ళజోడు ఒక అద్దం, అర మీసం. అంతయ్య నవ్వలేదు. గడ్డి మీద చతికిలబడి అన్నాడు. "చెప్పుర్రి సార్."

"రాయి దొరికిందయ్యా."

"ఏ రాయి సార్?"

"హద్దురాయి. నా వైపునే ఉంది. అడుగు లోపల. నువ్వు పీకలేదు. నేనే తప్పు కొలిచాను."

అంతయ్య కన్నానికి అడ్డంగా ఉన్న గడ్డిని పక్కకు తోశాడు.

"నాకు ఎర్కే సార్" అన్నాడు అంతయ్య.

"ఎరుకేనా?"

"గా రాయి పాతింది నేనే. గీ జాగ లేఅవుట్ చేసినప్పుడు నేను గీడనే కూలి చేసిన. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది నడుమ రాయి నా చేతులతోటి నిలబెట్టిన. గప్పుడే అనుకున్న, ఎన్నడన్న పైసలైతే గీ పక్క జాగ కొనాల్నని. కొన్న."

"మరి కోర్టులో చెప్పలేదేమయ్యా?"

"చెప్పిన సార్. కాగితం ఏదన్నరు. కూలోని మాట కాగితం గాదు గద. టైల్స్ లేపి చూడుమంటే మీ వకీలు ఒప్పుకోలే."

ఒప్పుకోవద్దని వకీలుకు చెప్పింది తనేనని పట్టాభికి గుర్తుంది. పదివేల రూపాయల టైల్స్ పాడవుతాయని అప్పుడు వాదించాడు. ఇప్పుడు రెండు లేపితే సరిపోయింది.

"గోడ కొట్టించి వెనక్కి కట్టిస్తాను. కేసు ఎత్తేస్తాను. రేపే" అన్నాడు.

అరుణమ్మ అందుకుంది. "గోడ కొట్టకురి సార్. మల్ల సుత్తులు, దుమ్ము. గీ ముళ్ళపందులకు ఈ చప్పుడు పడదు. ఆడది కడుపుతోటి ఉన్నట్టుంది, గడ్డి ఈడ్చుకుంటుంది."

"మరి మీ అడుగు?"

"మా అడుగుల టైల్స్ తీసెయ్యుర్రి. మట్టి ఉండనియ్యుర్రి. నేనొచ్చి గోంగూర పెట్టుకుంట."

అలా ముప్పై ఏడో నంబరు ఇంటి పెరట్లో, గోడ పొడవునా ఒక అడుగు మేర అంతయ్యది అయింది. పట్టాభి సభలో ఈ సంగతి తనే చెప్పాడు. వ్యాఖ్యానం లేకుండా, నాలుగు నిమిషాల్లో. ఆయన అంత తక్కువ మాట్లాడటం ఎరగని జనం, ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు. కొందరు ఆయన నిజాయితీని మెచ్చుకున్నారు, ఎక్కువమంది ఇళ్ళకు పోయి తమ గోడల పక్క టైల్స్ గట్టిగా ఉన్నాయో లేదో తట్టి చూసుకున్నారు. ఆ వారంలో కాలనీలో పదిహేను కన్నాలు చప్పుడు లేకుండా పూడిపోయాయి. ఇత్తడి పలకలు మాత్రం ఎవరూ తీయలేదు.

ఎన్నికల్లో శ్రీనివాస్ నెగ్గాడు. పట్టాభికి పంతొమ్మిది ఓట్లు వచ్చాయి.

"నువ్వు నాకే వేశావు కదా" అని అడిగాడు భార్యను.

"రహస్య ఓటు కదండీ" అంది విజయదుర్గ.

కొత్త అధ్యక్షుడు మాట నిలబెట్టుకున్నాడు. పార్కు మొత్తం టైల్స్ వేయించాడు. వేపచెట్టు చుట్టూ అందమైన సిమెంటు గద్దె కట్టించి, ఆకులు రాలి టైల్స్ పాడవుతున్నాయని కొమ్మలు నరికించాడు. జీవకారుణ్యంలో తానేమీ తక్కువ కాదని చూపించడానికి మధ్యలో సిమెంటుతో ముళ్ళపంది బొమ్మ పెట్టించాడు. అది నోరు తెరిచి ఉంటుంది. చెత్త అందులో వేయాలి. సౌజన్య పోయి నిలదీస్తే, "మేడం, విగ్రహమే పెట్టించినం గద. ఇంకేం చెయ్యాలె?" అన్నాడు. ప్రారంభోత్సవానికి మాజీ అధ్యక్షుణ్ణి ముఖ్య అతిథిగా పిలిచారు. నడుమునొప్పి అని కబురు పంపాడు పట్టాభి.

నిజానికి ఆయనకు ఆ సాయంత్రం పని ఉంది. పార్కులో ఆకులు లేక, జంట మొత్తంగా ఇటే చేరింది. అంతయ్య గడ్డికుప్ప కింద పిల్లలు కూడా ఉన్నట్టున్నాయని సౌజన్య చెప్పింది. ఎవరూ వాటిని కదిలించి చూడలేదు. కనబడినప్పుడు చూద్దామనుకున్నారు. అరుణమ్మ తన అడుగు మట్టిలో వేసిన గోంగూర జానెడు లేచింది. రోజూ పొద్దున ఆమె పట్టాభి గేటులోంచి వచ్చి కలుపు తీసి, విజయదుర్గతో కాఫీ తాగి పోతుంది. ఆమె నత్తల్ని ఏరి పారేయబోతే పట్టాభి వద్దంటాడు, అవి ముళ్ళపందుల తిండి అని.

ఆవాళ అంతయ్య, అరుణమ్మ సరూర్‌నగర్‌లో పెళ్ళికి పోతూ గోంగూర మీద ఒక కన్నేసి ఉంచమన్నారు. పట్టాభి బాధ్యతగా బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి మడి మొత్తం తడిపి, చాలదేమోనని ఇంకో బకెట్టు తెచ్చాడు. అది చెంబుతో పోస్తుండగా కన్నంలోంచి ముళ్ళపంది బయటికి వచ్చింది. ఆయన కాలి పక్కనుంచే, ఆయన అనే మనిషి అక్కడ లేనట్టే నడుచుకుంటూ పోయి, తడి మట్టిలో ముక్కు పెట్టింది. పట్టాభి చెంబు గాల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అది వానపామును తిని, మూతి నాక్కుని, విజయదుర్గ చీపురు పక్కగా అవతలి గోడ వైపు సాగిపోయింది.

గేటు చప్పుడైంది. పెళ్ళినుంచి వచ్చిన అరుణమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మడి దగ్గరికి వచ్చి చూసి, నొసలు ముడిచింది.

"సార్, గన్ని నీళ్ళు ఎవలన్న పోస్తరా? ఏరు కుళ్ళుతది."

"చాలవేమో అనుకున్నానమ్మా."

"చాలు. ఇగ ఎల్లుండి దాక పొయ్యకురి."

సరేనని పట్టాభి చెంబు బకెట్టులో వేశాడు.